మూడో, నాలుగో

నర్సీపట్నం,
అక్టోబరు 12.

చిరంజీవి నాన్నకి,


మొన్న రాత్రి నీతో ఫోన్లో మాట్లాడాక నాకు నిద్ర పట్టలేదు. ఇరవై తేనెటీగల పెట్టెలు కొన్నావు, వచ్చే నెల వలిసెల పూతకి అరకు తీసుకెళ్తానన్నావు. వింటుంటే కడుపు నిండిపోయింది. మీ పెదనాన్న ఉండి ఉంటే తెల్లారేసరికి బస్సెక్కి చింతలపూడిలో దిగేవారు. కానీ మాటల మధ్యలో నువ్వొకటి అన్నావు. తొమ్మిదో పెట్టెలో పిల్ల ఉన్న గదుల మూతల మీద అక్కడక్కడా చిల్లులున్నాయని, ఆ పెట్టెలోంచే ఒక పిల్ల ఫ్రేము తీసి నీరసంగా ఉన్న ఇంకో పెట్టెకి ఇచ్చానని. ఏ పెట్టెకిరా అంటే, "మూడో నాలుగో పెద్దమ్మా, సరిగ్గా గుర్తు లేదు" అన్నావు.

పుస్తకం పెట్టుకోమంటే నవ్వావు. "ఇరవై పెట్టెలే కదా, మొహం చూస్తే గుర్తుపడతాను" అన్నావు. తేనెటీగలు పెంచేవాళ్ళ పేర్లు నమోదు చేసే మధుక్రాంతిలో పేరు రాయించుకోమంటే, కొని తెచ్చుకున్న తద్దినం అన్నావు. ఫోన్లో వాదించడం నాకు చేతకాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. మేం ఈ పనిలోకి దిగిన నాలుగో ఏడు మాకు అరవై పెట్టెలుండేవి. ఎవరో ఈగల పని మానేస్తూ ఎనిమిది పెట్టెలు సగం ధరకి ఇస్తానంటే కొన్నాం. పెట్టెలు గట్టివి, ఈగలు నిండుగా ఉన్నాయి. అంతకుముందు వాటికి ఏం జరిగిందో అడగలేదు. అడిగినా ఆయన దగ్గర రాసిన కాగితం ముక్క లేదు. తెచ్చిన వారానికే అందులో మంచి పిల్ల ఫ్రేములు తీసి మా పెట్టెల్లో నీరసంగా ఉన్నవాటికి పంచాం. మూడు వారాలు గడిచాక ఒక పొద్దున్న నేను మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది, మజ్జిగ కుండ కడగకుండా వదిలేస్తే వస్తుందే, అలా.

ఫ్రేము ఎత్తి ఎండకి అడ్డంగా పట్టుకుని గదుల్లోకి చూశాను. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ముత్యంలా తెల్లగా మెరుస్తూ, గది అడుగున చంద్రవంకలా చుట్టుకుని పడుకుంటుంది. అవి అలా లేవు. కొన్ని పసుపు పారి ఉన్నాయి. కొన్ని కడుపునొప్పితో మెలి తిరిగినట్టు గది గోడకి అడ్డంగా పడి ఉన్నాయి. చర్మం కింద సన్నటి తెల్ల దారాల్లాంటివి కనబడుతున్నాయి, పిల్ల ఊపిరి పీల్చే గొట్టాలు. ఇంకా మూత పడని పిల్ల, నాలుగైదు రోజులది. అది యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ అని తర్వాత తెలిసింది. 1971లో మహాబలేశ్వరంలో మన దేశవాళీ పుట్టతేనెటీగల్లో దాన్ని గుర్తించారు. మన దేశానికి కొత్త రోగమేం కాదు.

ఆ రోజు మేం వెతికిందల్లా ఒక్కటే, ఆ ఎనిమిది పెట్టెల ఫ్రేములు ఎక్కడెక్కడికి వెళ్ళాయని. మీ పెదనాన్న ఒకటంటారు, నేనొకటంటాను. "ఈ వరసలో ఇచ్చాం", "కాదు, చింతచెట్టు కింది వాటికి". ఇద్దరం కళ్ళారా చూసి, చేతులారా ఇచ్చినవే. మూడు వారాలకే ఒక్కటీ గుర్తు లేదు. దాంతో ఏ పెట్టెనీ వదలకుండా అన్నీ విప్పాల్సి వచ్చింది. అన్నీ విప్పడమంటే అదే చేతులతో, ఫ్రేములు పెకలించే అదే హైవ్ టూల్‌తో రోగాన్ని ఇంకా నాలుగు పెట్టెలకి మోయడమేనని అప్పుడు మాకు తెలియదు. అరవై ఎనిమిదిలో ముప్పై ఒకటి పోయాయి. ఫ్రేములు గోతిలో వేసి కాల్చిన రోజు మీ పెదనాన్న అన్నం ముట్టలేదు.

అక్కడితో అయిపోలేదు. రెండు నెలల తర్వాత ఒకాయన మా ఇంటికొచ్చాడు. మా తోటకి కిలోమీటరున్నర దూరంలో జీడితోటలో ఆయనవి పన్నెండు పెట్టెలుండేవట. అన్నీ చచ్చిపోయాయి. ఆయన మా మీద కోప్పడలేదు. "మీ దగ్గర రోగముందని ఒక్క కబురు చెప్పి ఉంటే నేను రాత్రికి రాత్రి పెట్టెలు ఎత్తుకుపోయేవాణ్ణి కదమ్మా" అన్నాడు, అంతే. ఆయన అక్కడున్నట్టు నాకు తెలియదు. నేనిక్కడున్నట్టు ఆయనకి తెలియదు. మా ఈగలకీ ఆయన ఈగలకీ మాత్రం ఒకదాని సంగతి ఒకదానికి బాగా తెలుసు. మనం పెంచే ఇటాలియన్ ఈగ రెండు మూడు కిలోమీటర్లు మేతకి పోతుంది. చిక్కిపోయిన పెట్టె కనబడితే అందులో తేనె దోచుకుని తన పెట్టెకి తెచ్చుకుంటుంది, తేనెతోపాటు రోగాన్నీ తెచ్చుకుంటుంది. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది నాన్నా.

ఇక పుస్తకం సంగతి. నువ్వు తొమ్మిదో పెట్టె అన్నది వరసలో తొమ్మిదోదని. అవునా? లారీ ఎక్కించి అరకులో దించాక తొమ్మిదోది పద్నాలుగోది అవుతుంది. అందుకని ముందు పెట్టెలకి నంబర్లు వెయ్యి. పిల్లగది మీద, ముందువైపు, పెయింటుతో. మూత మీద వద్దు, మూతలు మారిపోతాయి. ఫ్రేము పైకమ్మీ మీద కూడా పెట్టె నంబరూ, పట్టు కట్టించిన ఏడాదీ రాయి. మూడేళ్ళు దాటి నల్లబడిన పట్టులో రోగం మురికి పేరుకుపోతుంది. ఏడాది రాసి ఉంటే ఏది తీసెయ్యాలో చెయ్యి పెట్టగానే తెలుస్తుంది. రాణికి వేరే గుర్తు ఉండాలి, ఎందుకంటే పెట్టె అదే ఉన్నా రాణి మారుతుంది. వీపు మీద చిన్న రంగు చుక్క పెడతారు. ప్రపంచమంతా ఒకే వరస: ఏడాది చివరి అంకె 1, 6 అయితే తెలుపు, 2, 7 పసుపు, 3, 8 ఎరుపు, 4, 9 ఆకుపచ్చ, 5, 0 నీలం. పసుపు చుక్క రాణిని చూశానని రాసుకుని, మళ్ళీ నెలకి చుక్క లేని రాణి కనబడిందనుకో, నీకు తెలియకుండానే పెట్టెలో రాణి మారిందన్నమాట.

పుస్తకంలో పెట్టెకి రెండు పేజీలు వదులు. పెన్సిలుతో రాయి. జిగురు చేతులకి పెన్ను పారదు, తేనె పడితే సిరా అలుక్కుపోతుంది. నా పాత పుస్తకంలోంచి ఒక నమూనా రాస్తున్నాను, చూడు:

"పెట్టె 14. నవంబరు 18, పొద్దున్న 9. రాణి కనబడలేదు, గుడ్లున్నాయి. పిల్ల 5 ఫ్రేములు, తేనె 2, పుప్పొడి తక్కువ. 3వ ఫ్రేములో చచ్చిన పిల్ల 4 గదులు, మూత పడనివి. ఫ్రేము ఇవ్వలేదు, తీసుకోలేదు. 28న చూడాలి."

అంతే. రాయడానికి ఒక నిమిషం కూడా పట్టదు. ఇందులో ప్రతి మాటా తర్వాత పనికొస్తుంది. రాణి కనబడకపోయినా గుడ్లున్నాయంటే మూడు రోజుల లోపు రాణి అక్కడ ఉందన్నమాటే, గుడ్డు మూడు రోజులకే పొదుగుతుంది కనుక. రాణి కోసం గంటసేపు ఫ్రేములన్నీ తిరగేసి పిల్లకి చలి పట్టించాల్సిన పని లేదు. రాణి గది కనబడిన తారీఖు రాసుకుంటే, గుడ్డు పెట్టిన పదహారో రోజుకి రాణి బయటికొస్తుంది, గుడ్లు పెట్టడానికి ఇంకో పదీ పదిహేను రోజులు పడుతుంది అని లెక్క కట్టుకోవచ్చు. తారీఖు లేనివాడు వారానికే పెట్టె విప్పి, గుడ్లు లేవు, రాణి చచ్చిందని వేరే రాణిని కొనుక్కొచ్చి పెడతాడు. రెండూ కొట్టుకుంటాయి. కొత్తవాళ్ళు చాలామంది చేసే పొరపాటిది.

కానీ అన్నిటికంటే ముఖ్యమైంది అందులో చివరికి ముందున్న మాట, "ఫ్రేము ఇవ్వలేదు, తీసుకోలేదు" అన్నది. పెట్టె నుంచి పెట్టెకి ఏది కదిలినా, పిల్ల ఫ్రేము గానీ తేనె ఫ్రేము గానీ, పొయ్యగా మిగిలిన పంచదార పాకం గానీ, రెండు పెట్టెల పేజీల్లోనూ రాయి. ఇచ్చిన దాని దగ్గరా, పుచ్చుకున్న దాని దగ్గరా. మిగతావి ఏవి మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి మర్చిపోకు.

చేతులు ఖాళీ లేనప్పుడు నేను ఇటుకతో గుర్తు పెట్టుకునేదాన్ని. మూత మీద ఇటుక పడుకోబెడితే పెట్టె బాగుందని. నిలబెడితే రాణి సంగతి చూడాలని. మూలకి జరిపితే రోగం అనుమానమని. సాయంత్రం వరస మొత్తం ఒకసారి చూసుకుంటూ పుస్తకంలో ఎక్కించేదాన్ని. పుస్తకాన్ని చీమలు తినేస్తాయి, జాగ్రత్త. తేనె మరకలున్న కాగితమంటే వాటికి పండగ. స్టీలు డబ్బాలో పెట్టుకో.

చచ్చిన పిల్లని చూస్తే ఏం రాయాలో నీకు తెలియాలి. "రోగం వచ్చింది" అని రాస్తే లాభం లేదు. నేను పైన చెప్పింది మూత పడకముందే చచ్చేది. మూత పడ్డాక చస్తే, మూత కిందికి కుంగి, తడిగా, చిల్లులు పడి ఉంటే, అది అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ కావచ్చు. మన దగ్గర అరుదే గానీ అన్నిటికంటే చెడ్డది. అగ్గిపుల్ల లోపల గుచ్చి మెల్లగా పైకి లాగితే, కుళ్ళిన పిల్ల బెండకాయ జిగురులా అంగుళం పొడవు తీగ సాగుతుంది. దాని బీజాలు చెక్కలోనూ పట్టులోనూ పదుల ఏళ్ళు బతికే ఉంటాయి. అందుకే న్యూజిలాండ్‌లో కనబడిన ఏడు రోజుల్లోగా ఆ పెట్టెని నాశనం చెయ్యాలని చట్టం. తల పైకెత్తిన పడవలా పిల్ల ఉండి, సన్నటి చిమటాతో ఎత్తితే చిరగకుండా నీళ్ళ సంచిలా వస్తే అది శాక్‌బ్రూడ్. వైరస్, మందు లేదు. థాయ్ శాక్‌బ్రూడ్ అనే రకం 1991-92లో కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో వచ్చినప్పుడు పుట్టతేనెటీగల పెట్టెలు నూటికి తొంభైకి పైగా ఖాళీ అయిపోయాయి. ఆ తర్వాత జాగ్రత్తపరులు చేసిన పని, బతికి బయటపడ్డ పెట్టెల నుంచే కొత్త రాణుల్ని తీసుకోవడం. ఏ పెట్టె తట్టుకుందో, ఏది తట్టుకోలేదో రాసుకున్నవాడికే కదా అది సాధ్యం.

నల్లి సంగతి కూడా నెలనెలా రాయి. వర్రోవా నల్లికి పుట్టిల్లు మన ఆసియానే. పుట్టతేనెటీగ దాన్ని దులుపుకుని బతికేస్తుంది, ఇటాలియన్ ఈగకి ఆ విద్య అంతగా రాదు. పిల్ల ఫ్రేము మీంచి అరకప్పు ఈగల్ని, అంటే దాదాపు మూడు వందల్ని, జల్లెడ మూత ఉన్న సీసాలోకి దులుపు. ముందు రాణి అందులో లేదని చూసుకో. మెత్తగా పొడి చేసిన పంచదార రెండు చెంచాలు వేసి మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు ఆగి, తెల్ల పళ్ళెంలోకి పొడి జల్లించు. నల్లులు ఎర్రటి చుక్కల్లా కనబడతాయి. తొమ్మిది దాటాయంటే నూటికి మూడు దాటినట్టే, ఇక ఊరుకోకూడదు. ఈగలు చావవు, తెల్లపొడితో ఇంటికెళ్తే తోటివి నాకి శుభ్రం చేస్తాయి.

మందులు నేను ఉత్తరంలో రాయను, దగ్గరుండి చూపిస్తాను. కానీ ఏ మందు, ఏ పెట్టెకి, ఏ రోజు, ఎంత అన్నది రాయకుండా చుక్క కూడా పొయ్యకు. ఎవరో చెప్పారని టెట్రాసైక్లిన్ పాకంలో కలిపి పట్టేవాళ్ళున్నారు. అది తేనెలో మిగిలిపోతుంది. 2010లో ఐరోపా దేశాలు మన తేనెని కొనడం ఆపేసిన కారణాల్లో ఇదొకటి, మళ్ళీ తలుపు తియ్యడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాది నష్టపోయినవాళ్ళలో ఏ మందూ వాడనివాళ్ళు ఎంతమందో. వాళ్ళ తేనె వేరని చూపించడానికి ఏం ఆధారం ఉంటుంది చెప్పు?

ఇప్పుడు నువ్వు తద్దినమన్న దాని గురించి. మధుక్రాంతి 2021 ఏప్రిల్ 7న మొదలైంది. జాతీయ తేనెటీగల బోర్డు, ఇండియన్ బ్యాంకు కలిసి పెట్టాయి. తేనె ఎవరి పెట్టెల నుంచి వచ్చిందో జాడ తెలియడం దాని అసలు ఉద్దేశం. పేరు నమోదు చేసుకుంటే తనిఖీ అని ఎవరో వచ్చి పెట్టెలు విప్పి తగలబెట్టమంటారేమోనన్నావు. నా బాధ దానికి పూర్తిగా వ్యతిరేకం. మన దగ్గర ఏటా వచ్చి పెట్టె విప్పి, పిల్లని చూసి, పక్కవాడికి కబురు చెప్పే తనిఖీ మనిషి లేడు. ఉండాలని నా కోరిక. జీడితోట ఆయన ఇంటికొచ్చిన రోజు నుంచీ కోరుకుంటున్నాను. ఎవరి పెట్టెలు ఎక్కడున్నాయో పట్టికే లేకపోతే రేపు అలాంటి మనిషిని వేసినా ఎక్కడికని వెళ్తాడు? నమోదు చేసుకో. చేసుకున్నాక మీ ఉద్యాన శాఖ అధికారి దగ్గరికి నువ్వే వెళ్ళి, నా పెట్టెలు ఇక్కడున్నాయి, నవంబరులో అరకు వెళ్తాయి, చుట్టుపక్కల రోగం వస్తే నాకు చెప్పండి, నాకు వస్తే నేను చెప్తాను అని ఫోన్ నంబరు ఇచ్చిరా. ఆయన వింతగా చూసినా సరే.

ఆస్ట్రేలియాలో మీ అక్క ఉండేది న్యూకాజిల్ దగ్గరే కదా. అక్కడ ఒక్క పెట్టె పెట్టుకున్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుని, ఆ నంబరు పెట్టె మీద వెయ్యాలి. 2022 జూన్ 22న ఆ ఊరి రేవులో కాపలాకి పెట్టిన పెట్టెల్లో వర్రోవా దొరికింది. తేనె పండించే పెద్ద దేశాల్లో అప్పటిదాకా ఆ నల్లి లేనిది అదొక్కటే. పది కిలోమీటర్ల లోపల ఉన్న పెట్టెలన్నీ, నల్లి ఉన్నా లేకపోయినా, చంపేయాలన్నారు. మీ అక్క పక్కింటి పెద్దాయనవి రెండు పెట్టెలు. మనుషులొచ్చి మర్యాదగా చెప్పి, పొద్దుగూకి ఈగలన్నీ గూటికి చేరాక పని కానిచ్చారట. ఆయన చాలాసేపు పెరట్లోనే కూర్చున్నాడని అక్క ఫోన్లో ఏడ్చింది. చివరికి 2023 సెప్టెంబరులో, దీన్ని పూర్తిగా తుడిచెయ్యలేం, దీంతోనే బతకడం నేర్చుకోవాలి అన్నారు. అంత చేసీ ఓడిపోయారు కదా అంటావేమో. పదిహేను నెలలు దాని వెంటపడి ఎక్కడికక్కడ వెతకగలిగారు. ఆలోగా మిగతా వాళ్ళకి సిద్ధపడే వ్యవధి దొరికింది. మా జీడితోట ఆయనకి ఒక్క రాత్రి వ్యవధి కూడా దొరకలేదు.

అరకులో వలిసెలు పూసేసరికి ఎక్కడెక్కడి పెట్టెలూ వచ్చి దిగుతాయి. ఆ పసుపు మడుల మీద ఎవరి ఈగ ఎవరిదో తెలియదు. నువ్వు దిగిన రోజే చుట్టుపక్కల ఎవరున్నారో నడిచి చూసి, పేరూ ఫోనూ మొదటి పేజీలో రాసుకో. పొలం రైతువి కూడా, మందు కొట్టేముందు ఒక్క ఫోను చెయ్యమని.

నీ తొమ్మిదో పెట్టె సంగతికొస్తాను. మూతల మీద చిల్లులు కనబడగానే భయపడక్కర్లేదు. ఈగలు పిల్ల మీద మూత కడుతూ కడుతూ ఉన్నప్పుడు కూడా మధ్యలో కన్నం కనబడుతుంది. నల్లి పట్టిన పిల్లని ఈగలే మూత తీసి బయట పడేస్తూ ఉండొచ్చు. చూడకుండా చెప్పలేను. గురువారం పొద్దున్న బస్సుకి బయల్దేరి వస్తున్నాను. అగ్గిపుల్లలు, చిమటా, భూతద్దం నా సంచిలో పెట్టేశాను. అనుమానంగా ఉంటే పిల్ల ఉన్న పట్టు ముక్క నాలుగు వేళ్ళ వెడల్పున కోసి, కాగితంలో చుట్టి వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటకశాస్త్రం వాళ్ళకి పంపిద్దాం. ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు, చెమ్మకి బూజు పడుతుంది. వాళ్ళ జవాబు వచ్చేదాకా అరకు ప్రయాణం ఆపు. పూత నాలుగు రోజులు తప్పిపోయినా సరే.

అంతవరకు తొమ్మిది, మూడు, నాలుగు, ఈ మూడింటినీ విప్పకు. వాటి ద్వారం ఒకటి రెండు ఈగలు పట్టేంత సందు వదిలి తగ్గించు, బయటివి దోపిడీకి రాకుండా. హైవ్ టూల్‌ని చాకలి సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి తోము, చేతులు సబ్బుతో రుద్దుకో. ఈ మూడింటి మీదా ఇటుకలు మూలకి జరిపి ఉంచు. నేను దిగేసరికి నువ్వు పొలంలో లేకపోయినా ఏవి చూడాలో నాకు తెలియాలి.

మీ అమ్మకి చెప్పు, వంటేమీ ప్రత్యేకంగా చెయ్యొద్దని.

పెద్దమ్మ